కారులో హెచ్చరిక – మూడున్నర సెకనుల లెక్క

రాత్రి పదిగంటలు దాటినది. జాతీయ రహదారిపై ఒక కారు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. ఎదుట, సగము రోడ్డుమీద సగము మట్టిమీద, ఒక లారీ ఆగియున్నది. దాని ఇరుసు విరిగినదో, డ్రైవరు నిద్రపోవుచున్నాడో తెలియదు. వెనుక దీపములు మాత్రము వెలుగుట లేదు. దానికి పది గజముల దూరమున నాలుగు రాళ్లు పేర్చి, వానిమీద ఒక వేపకొమ్మ పెట్టినారు. ఆ కొమ్మయే వెనుకనుండి వచ్చువారికి ఆ లారీ ఇచ్చు హెచ్చరిక.

కొమ్మ పెట్టిన క్లీనరును తప్పుపట్ట నవసరము లేదు. తన చేతిలోనున్న సాధనముతో అతడు చేయదగిన పనియే చేసినాడు. కాని హెచ్చరిక అనునది ఎంత దూరమున, ఎంత ముందుగా అందవలెనో లెక్కవేసి చూచినచో ఆ కొమ్మ ఎందుకు చాలదో, కారులోపల అమర్చు హెచ్చరిక యంత్రములకు కూడ ఆ పని ఎందుకంత కష్టమగుచున్నదో తెలియగలదు. భారతదేశపు రోడ్లమీద 2022లో 4,61,312 ప్రమాదములు జరిగినవనియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రహదారి రవాణా శాఖ ప్రకటించినది. కనుక ఈ లెక్క నల్లబల్లపై వేసి తుడిచివేయుటకు మాత్రమే పనికివచ్చునది కాదు.

గంటకు 72 కిలోమీటర్లనగా సెకనుకు 20 మీటర్లు. పొడిగానున్న రోడ్డుమీద బ్రేకు గట్టిగా వేసినచో కారు వేగము సెకను సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుననుకొందము. (మంచి టైర్లున్న కారు ఇంతకంటె త్వరగా కూడ ఆగగలదు, వాన కురిసినప్పుడు ఇందులో సగము కూడ దొరకకపోవచ్చును.) అప్పుడు కారు నిలుచుటకు 4 సెకనులు పట్టును. ఆ కాలములో అది 40 మీటర్లు ముందుకు పోవును. అయితే బ్రేకు పడుటకు ముందు జరుగవలసినది చాల ఉన్నది. శబ్దము చెవిని సోకవలెను. అది దేనిని గూర్చి మ్రోగినదో మనస్సు గ్రహింపవలెను. కన్ను ఎదుటికి మరలవలెను. కాలు ఒక పెడలునుండి మరియొక పెడలుమీదికి పోవలెను. అనుకొనని ప్రమాదము ఎదురైనప్పుడు సామాన్యుడైన డ్రైవరునకు ఇందుకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఆ ఒకటిన్నర సెకనులో కారు వేగమేమియు తగ్గక మరి 30 మీటర్లు పోవును. మొత్తము 70 మీటర్లు. సెకనుకు 20 మీటర్ల చొప్పున 70 మీటర్లనగా మూడున్నర సెకనులు.

అనగా ఢీకొనుటకు మూడున్నర సెకనులు మిగిలియున్నప్పుడే హెచ్చరిక వినబడవలెను. వేగము మారినకొలది ఈ అంకె కూడ మారును. వేగమును ఋణత్వరణమునకు రెట్టింపైన సంఖ్యతో భాగించి, వచ్చిన దానికి ప్రతిక్రియా కాలమును కలిపినచో సరిపోవును. ఈ సూత్రమును విద్యార్థులే రాబట్టవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగమునకు రెండున్నర సెకనులు చాలును. 108 కిలోమీటర్లకు నాలుగున్నర సెకనులు కావలెను.

హెచ్చరిక ఆలస్యమైనచో ఏమగును? రెండే సెకనులు మిగిలినప్పుడు, అనగా లారీ 40 మీటర్ల దూరమున నున్నప్పుడు గంట మ్రోగినదనుకొందము. డ్రైవరు మేలుకొని బ్రేకు తొక్కునప్పటికి 30 మీటర్లు గడచిపోయినవి. మిగిలిన 10 మీటర్లలో వేగము 72 నుండి 62 కిలోమీటర్లకు మాత్రమే తగ్గును. యంత్రము తన పని చేసినది, మనిషి తన పని చేసినాడు, ప్రమాదము మాత్రము జరిగినది. అదే గంట 2.7 సెకనుల ముందు మ్రోగినచో తాకునప్పటి వేగము సుమారు 45 కిలోమీటర్లకు దిగును. చలనశక్తి వేగపు వర్గముననుసరించి మారును గనుక, మొదటి సందర్భమున తొలి శక్తిలో నూటికి 75 వంతులు లారీని తాకగా, రెండవ సందర్భమున 40 వంతులే తాకును. ఒక సెకనులో పదింట ఏడు వంతులకు ఇంత విలువ ఉన్నది.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. డ్రైవరునకు కన్నులున్నవి, కారుకు దీపములున్నవి. యంత్రపు సాయము ఎందుకు? కన్ను ఎదుటి వస్తువును చూచుట వేరు, దానిని సమీపించుచున్నామని తెలిసికొనుట వేరు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ లీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1976లో ఈ విషయమును అందముగా వివరించెను. రెండున్నర మీటర్ల వెడల్పు గల లారీ 100 మీటర్ల దూరమున కంటివద్ద చేయు కోణము 0.025 రేడియను. కారు సెకనుకు 20 మీటర్ల వేగముతో పోవుచుండగా ఆ క్షణమున ఈ కోణము సెకనుకు 0.005 రేడియను చొప్పున పెరుగుచుండును. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యతో భాగించిన 5 వచ్చును. 100 మీటర్ల దూరమును 20 మీటర్ల వేగముతో దాటుటకు పట్టుకాలము కూడ 5 సెకనులే! లారీ వెడల్పు తెలియనక్కరలేదు, దూరము తెలియనక్కరలేదు, వేగము తెలియనక్కరలేదు. కోణమును, అది పెరుగు వడిని పోల్చిన చాలును, మిగిలిన కాలము తెలియును. లీ దీనికి టౌ అను గ్రీకు అక్షరమును గుర్తుగా పెట్టెను.

అయితే కోణము మిక్కిలి మెల్లగా పెరుగునప్పుడు కంటికి ఆ పెరుగుదల తెలియదు. సెకనుకు సుమారు 0.003 రేడియను వడి కంటె తక్కువైనచో ఎదుటి వస్తువు కదలక ఉన్నట్లే తోచునని పరిశోధనలనుబట్టి అంచనా వేసిరి. పై లారీ విషయములో ఈ హద్దు సుమారు 130 మీటర్లవద్ద వచ్చును. ఆగుటకు 70 మీటర్లు చాలును గనుక పగటివేళ భయములేదు. లారీకి బదులు అక్కడ 70 సెంటీమీటర్ల వెడల్పు గల మోటారు సైకిలు నిలిచియున్నచో హద్దు 68 మీటర్లకు దిగివచ్చును. అనగా దానిని సమీపించుచున్నామని తెలియునప్పటికే ఆగుటకు కావలసిన దూరము గడచిపోయినది. రాత్రివేళ దీపములేని లారీయో, ఒకే దీపమున్న బండియో అయినచో చూచుటకు వెడల్పే లేదు, ఇక కోణమెక్కడిది? మంచి చూపున్నవాడు, మెలకువగా నున్నవాడు కూడ ఇచ్చట మోసపోవును.

రాడారు, కెమేరా

ఇందుకై కార్ల ముందుభాగమున అమర్చు సాధనములు ముఖ్యముగా రెండు. కెమేరా పైన చెప్పిన టౌ లెక్కనే వేయును. అడ్డము వెనుకనుండి చూచు ఒక చిన్న కెమేరా సెకనుకు అనేక చిత్రములు తీసి, ఎదుటి బండి బొమ్మ ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు ఎంత పెరిగినదో కొలుచును. మనిషి కంటికి అందని పెరుగుదల కూడ దానికి అందును. కాని చీకటి, పొగమంచు, ఎదురుబండి దీపముల కాంతి దానిని కూడ బాధించును.

రాడారునకు చీకటి అడ్డుకాదు. కార్లలో సాధారణముగా వాడు రాడారు తరంగముల పౌనఃపున్యము సుమారు 77 గిగాహెర్ట్జులు, అనగా సెకనుకు 7,700 కోట్ల స్పందనములు. తరంగదైర్ఘ్యము 4 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. 100 మీటర్ల దూరమున నున్న లారీని తాకి ప్రతిధ్వనివలె తిరిగివచ్చుటకు ఈ తరంగమునకు ఒక మైక్రోసెకనులో మూడింట రెండువంతుల కాలము పట్టును; దీనినుండి దూరము తెలియును. సమీపించు వస్తువునుండి మరలివచ్చు తరంగపు పౌనఃపున్యము కొంత హెచ్చుగా నుండును. 1842లో క్రిస్టియన్ డాప్లర్ తెలిపిన ఫలితమిదియే. సెకనుకు 20 మీటర్ల వేగమునకు ఈ హెచ్చు సుమారు 10,000 హెర్ట్జులు. అసలు పౌనఃపున్యములో ఇది 75 లక్షలలో ఒక వంతు మాత్రమే. అయినను మరలివచ్చిన తరంగమును పంపిన తరంగముతో కలిపినప్పుడు కలుగు విస్పందనములవలన దీనిని సులభముగా కొలువవచ్చును. శ్రుతిచేయునప్పుడు రెండు తీగెల నడుమ వినబడు విస్పందనములు తరగతిలో అందరును విన్నవే.

ఇంత నేర్పు గల రాడారు మన దీపములేని లారీని తప్పక పట్టుకొనుననిపించును. తొలినాటి కారు రాడారులలో అనేకము సరిగా ఈ లారీనే వదలిపెట్టెడివి! కారణము చిత్రమైనది. ముందు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న లారీని 72 కిలోమీటర్ల కారు సమీపించు వేగము 12 మాత్రమే. ఆ తరంగము మిగిలినవానినుండి విడిగా కనబడును. నిలిచియున్న లారీనుండి వచ్చు తరంగమో, కిలోమీటరు రాయి, రోడ్డు ప్రక్కనున్న ఇనుప కమ్మి, తలపై నున్న వంతెన, ఊరిపేరు వ్రాసిన పెద్ద పలక, వీనినుండి వచ్చు తరంగములతో సరిసమానమైన డాప్లరు మార్పు కలిగియుండును. ఇవన్నియు నిలిచియున్నవే, కారు అన్నిటిని ఒకే వేగముతో సమీపించుచున్నది. రోడ్డుకు 5 మీటర్ల ఎత్తున నున్న వంతెన 100 మీటర్ల దూరమునుండి మూడు డిగ్రీలైనను పైకి కనబడదు. ఎత్తును కొలువలేని రాడారునకు అది రోడ్డుకు అడ్డముగా కట్టిన గోడవలె తోచును. ప్రతి వంతెనకు గంట మ్రోగినచో ఎవడు సహించును? కనుక నిలిచియున్న వస్తువులను లెక్కలోనికి తీసికొనవద్దని యంత్రమునకు నేర్పిరి. తరువాతి కాలమున ఎత్తును కూడ కొలువగల రాడారులు, రాడారును కెమేరాను జతపరచు పద్ధతులు వచ్చినవి గనుక ఈ లోపము చాలవరకు తగ్గినది. కాని ఇది పరికరము తెలియక చేసిన పొరపాటు కాదు. తప్పుడు గంటలకు జడిసి తెలిసియే చేసికొన్న ఏర్పాటు.

‘నాన్నా! పులి!’

తప్పుడు హెచ్చరికను చిన్నవిషయముగా ఎంచరాదు. పులి రాకుండగనే ‘నాన్నా! పులి!’ అని కేకలు వేసిన పిల్లవాని కథ అందరికి తెలిసినదే. ఆ కథలో తప్పు పిల్లవానిది. యంత్రము అబద్ధమాడదు. అయినను తండ్రి పరుగెత్తి రాకపోవుట మాత్రము ఇక్కడ కూడ జరుగును. దానికి కారణము గణితము.

ఒక ఊహాలెక్క వేసి చూతము. ముందు బండి వేగము తగ్గుట, ప్రక్కనుండి ఎవరో రోడ్డుమీదికి వచ్చుట వంటి ఘట్టములు 10,000 జరుగగా అందులో ఒకటి మాత్రమే నిజమైన ప్రమాదమనుకొందము. యంత్రము ఆ ఒక్కదానిని ఎన్నడును వదలదు. ప్రమాదము కాని ఘట్టములలో నూటికి ఒక్కటి మాత్రమే పొరబడును. పరీక్షలో 99 మార్కులు తెచ్చుకొన్న యంత్రమిది! అయినను 10,000 ఘట్టములలో అది సుమారు 101 మారులు మ్రోగును, అందులో నిజమైనది ఒకటి. తప్పును వేయింటికి ఒకటిగా తగ్గించినను పదకొండు గంటలలో పది అబద్ధములే. ప్రమాదము అరుదుగా వచ్చునది గనుక మంచి యంత్రము కూడ ఎక్కువ మారులు అబద్ధమే చెప్పును.

తప్పుడు గంటలు తగ్గవలెనన్న యంత్రము ఇంకను కొంతసేపు వేచియుండి, అనుమానము తీరిన పిమ్మట మ్రోగవలెను. కాని వేచియున్న ప్రతి సెకను ఆ మూడున్నర సెకనులలోనుండియే పోవును. ముందుగా మ్రోగినచో అబద్ధములెక్కువ. నిజము రూఢియగువరకు ఆగినచో మ్రోగియు ఫలము లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రాడారు తెరలపై విమానమేదో, వట్టి అలజడి యేదో తేల్చుకొనవలసిన అవసరమునుండి ఈ సమస్యకు సంబంధించిన గణితము బయలుదేరినది. 1966లో గ్రీన్, స్వెట్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని మనుష్యుల ఇంద్రియజ్ఞానమునకు అన్వయించి గ్రంథము వ్రాసిరి. హద్దును ఎచ్చట పెట్టవలెనో గణితము చెప్పును గాని, ఒక ప్రాణము నిలుచుటకు ఎన్ని అబద్ధపు గంటలు ఓర్చుకొనవచ్చునో చెప్పదు. అది తేల్చవలసినవాడు ఆ గంట క్రింద రోజూ కూర్చొనువాడు.

ఓర్పు నశించినచో ఏమగునో అమెరికా దేశము 1974లో చూచినది. ఆ సంవత్సరపు నమూనా కార్లలో ముందు సీట్లవారు బెల్టు పెట్టుకొననిదే ఇంజను కదలకుండ ఏర్పాటు చేసిరి. సీటుపై బరువైన సంచి పెట్టినను దానికి బెల్టు కట్టవలసివచ్చెను. ప్రజలు తీగెలు కత్తిరించిరి, బెల్టును సీటుకే ముడివేసిరి, ప్రతినిధులకు ఉత్తరములు వ్రాసిరి. ఆ ఏడు అక్టోబరులో అమెరికన్ కాంగ్రెసు ఆ ఏర్పాటును నిర్బంధించరాదని చట్టము చేసినది. అంతటితో నిలువక, బెల్టును గుర్తుచేయుటకు నిర్బంధించు గంట 8 సెకనులకు మించి మ్రోగరాదని కూడ విధించినది. ఈ పరిమితి తొలగుటకు 2012 వరకు ఆగవలసివచ్చెను. బెల్టు ప్రాణరక్షకమనుటలో సందేహము లేదు. ఒక మంచి పనిని మొరటుగా గుర్తుచేసినందువలన సున్నితమైన పద్ధతులకు కూడ సుమారు నలువది ఏండ్లు దారి మూసికొనిపోయినది.

ఇటీవలి కార్లలోను ఇదే తీరు. చక్రము గీత దాటగానే మ్రోగు ఒక హెచ్చరిక ఉన్నది. అమెరికాలోని రహదారి రక్షణ బీమా సంస్థవారు మరమ్మతుకు వచ్చిన 184 హోండా కార్లను పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. గీత హెచ్చరికను మూడింట రెండువంతుల మంది ఆపివేసియుండిరి. అవే కార్లలో ముందుబండిని గూర్చిన హెచ్చరికను ఆపినది ఒక్క కారులోనే. ఆపినవారిని అజాగ్రత్తపరులని నిందించుట సులభము. కాని వారే రెండవ హెచ్చరికను ఆపలేదు గదా! అరుదుగా మ్రోగునది, మ్రోగినప్పుడు ఏదో ఒక కారణము కనబడునది నిలిచినది. తెలిసి గీత దాటినప్పుడెల్ల చీవాట్లు పెట్టునది పోయినది. ముందుబండి హెచ్చరిక ఒక్కటియే వెనుకనుండి ఢీకొను ప్రమాదములను నూటికి 27 వంతులును, దానికి తోడు తానుగా బ్రేకువేయు యంత్రము కూడ ఉన్నచో 50 వంతులును తగ్గించినదని అదే సంస్థ 2017లో లెక్క తేల్చినది.

ధ్వని ఎట్లుండవలెను? బిగ్గరగా నుండుటయే గుణమని తోచును గాని విమానములలో ఆ పొరపాటు చేసి నేర్చుకొనిరి. కాక్‌పిట్‌లో గంటలు చెవులు పగులునట్లు మ్రోగుటవలన విమానచోదకులు ఆపదను చక్కదిద్దుటకు ముందు గంటను నోరుమూయించు పనిలో పడుచుండిరి. 1982లో రాయ్ ప్యాటర్సన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఇందుకు నియమములు కూర్చెను. చుట్టునున్న రొదలో ఆ ధ్వని అప్పుడప్పుడే వినబడు స్థాయికి 15 డెసిబెల్లు తగ్గకుండ, 25 డెసిబెల్లు మించకుండ ఉండవలెను. 20 డెసిబెల్లనగా తీవ్రతలో నూరురెట్లు గనుక ఇది చాలును. ధ్వని ఒక్కుమ్మడిగా విరుచుకొనిపడక క్షణకాలములోనైనను క్రమముగా పెరుగవలెను. ఉలికిపడినవాడు ఆలోచింపలేడు. ఒకే సన్నని ఈలవలె గాక అనేక స్వరములు కలిసియుండవలెను. అప్పుడు ఏ ఒక్క స్వరము రొదలో మునిగినను, వయసుచేత చెవికి అందకున్నను తక్కినవి వినబడును.

ధ్వనియే ఏల? వీపునకు, తొడలకు తగులు కంపనము మరియొక త్రోవ. 2012నుండి కొన్ని కాడిలాక్ కార్లలో ఎడమవైపు ఆపద ఉన్న సీటు ఎడమప్రక్కను, కుడివైపు ఉన్న కుడిప్రక్కను అదరునట్లు అమర్చిరి. దీనిలో సౌకర్యమేమన, తప్పుడు హెచ్చరిక వచ్చినను అది డ్రైవరునకు మాత్రమే తెలియును. ప్రక్కనున్న అత్తగారు ‘ఏమి నాయనా, ఏమి తప్పు చేసితివి?’ అని అడుగరు. నవ్వులాటకు చెప్పినమాట కాదు. పదిమందిలో తనను తప్పుపట్టు గంటను మనిషి ముందుగా ఆపివేయును.

భారతదేశమున 2019 జూలై 1 తరువాత తయారైన కార్లన్నిటిలో బెల్టును గుర్తుచేయు గంట, వేగపు హెచ్చరిక తప్పనిసరియైనవి. వేగము గంటకు 80 కిలోమీటర్లు దాటినచో ఉండియుండియు, 120 దాటినచో ఎడతెరపి లేకయు మ్రోగును. ఊరిమధ్య 70 కిలోమీటర్ల వేగముతో పోవువానికి ఈ గంట ఏమియు చెప్పదు. వేగము ఎంత అనునదే తప్ప వేగము ఎక్కడ అనునది దానికి తెలియదు.

మన రోడ్ల విషయమున ఇంకొక చిక్కు ఉన్నది. కెమేరా చూచినదానిని గుర్తించుటకు ముందుగా వేలకొలది చిత్రములతో దానికి అక్షరాభ్యాసము చేయింపవలెను. 2016లో వెలువడి ప్రసిద్ధికెక్కిన ఒక చిత్రసంచయము 50 నగరములలో తీసినది. అందులో హెచ్చు భాగము జర్మనీ దేశపు వీథులు. ఆ బడిలో చదివిన యంత్రమునకు ఆటోరిక్షా తెలియదు. రోడ్డుమీద తీరికగా పరుండిన గేదె తెలియదు. హైదరాబాదులోని ఐఐఐటి పరిశోధకులు హైదరాబాదు, బెంగుళూరు వీథులలోను పరిసరములలోను తీసిన 10,000 చిత్రములతో ఒక సంచయము కూర్చి 2018లో వెలువరించిరి. వస్తువులను 34 తరగతులుగా విభజించిన ఆ జాబితాలో ఆటోరిక్షాకు, జంతువులకు వేరువేరు స్థానములున్నవి. తారు అంచు దాటిన తరువాతనున్న మట్టిదారి కూడ బండి పోదగినదే అని మరియొక తరగతి చేర్చిరి. మన దేశపు డ్రైవరులకు ఇది చెప్పనక్కరలేదు, యంత్రమునకు చెప్పవలసివచ్చినది.

బండికి బండికి నడుమ జానెడు ఎడము విడుచు వీథులలో, రెండు సెకనుల ఎడము ఉండవలెనని ఎదురుచూచు యంత్రము తెల్లవారిన మొదలు మ్రోగుచునే యుండును. అందువలన తక్కువ వేగమున దూరమును గూర్చిన గంటను అణచి, కాలినడకవారు అడ్డువచ్చినప్పుడు మాత్రమే మ్రోగునట్లు సవరించుట వంటి మార్పులు కావలెను. మ్రోగిన గంటలను కూడ వృథాపోనీయకుండ ఒక ప్రయత్నము జరిగినది. 2021లో నాగపూరు నగరపు బస్సులకు ఢీ హెచ్చరిక కెమేరాలు అమర్చిరి. ఈ పనిలో హైదరాబాదు ఐఐఐటి కూడ భాగస్వామి. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకు కూడ దీనిని విస్తరించిరి. బస్సులో గంట మ్రోగినప్పుడెల్ల అది ఎచ్చట మ్రోగినదో నమోదగును. ఒక బస్సులో ఒకచోట ఒకమారు మ్రోగినచో అది అబద్ధము కావచ్చును. వేరువేరు బస్సులలో, వేరువేరు డ్రైవరుల చేతిలో, అదే మలుపువద్ద మాటిమాటికి మ్రోగినచో అది డ్రైవరును గూర్చిన వార్త కాదు, ఆ మలుపును గూర్చిన వార్త. అక్కడ ఇంకను ఎవరును మరణింపకముందే ఇంజనీరు పోయి చెట్టుకొమ్మలు నరికించవచ్చును, దీపము వేయించవచ్చును, రోడ్డు మధ్యనున్న సందును మూయించవచ్చును.